ట్వీటరు ఏ జాతి పాము?

రేగొండలో ఒక ఆదివారం పొద్దున, ప్రార్థనకు వచ్చిన జనంలో సగం మంది చెప్పులు కూడా వెతుక్కోకుండా చర్చి బయటికి పరుగెత్తారు. గుమ్మం ఇరుకైందని ఇద్దరు ముగ్గురు కిటికీ ఎక్కారు. భూకంపం రాలేదు, అగ్గి పుట్టలేదు. నేను కంప్యూటర్లో ఒక చిన్న గడిలో ఒక అంకె వేశాను, అంతే! పోనీ అంకె తప్పా అంటే అదీ కాదు, అంకె నికార్సయిందే. మీరు కాస్త ఓపిక పడితే, అంత మంచి అంకెతో అంత పెద్ద అల్లరి ఎలా చేయవచ్చో మొదటినుంచీ చెబుతాను. పరువు ఎలాగూ పోయింది కనక నేనిప్పుడు దాచుకోవాల్సిందేమీ లేదు.

అప్పటికి మా పెళ్ళయి ఏడాది కాలేదు. మేం జనగామలో ఉంటాం. నేనొక ప్రైవేటు బడిలో కంప్యూటర్ టీచర్ని, మా ఆయన ప్రసాదు మార్కెట్టు దగ్గర పత్తి దుకాణంలో గుమాస్తా. మాది ప్రేమ పెళ్ళి. మా నాన్న, నేను పిలిచేది బాపు అని, నెల్లికుదురులో వడ్రంగి. మా ఇంట్లో దేవుడి పటాలకు రోజూ అగరొత్తులు వెలిగిస్తారు. అత్తగారిది రేగొండ, వాళ్ళు ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళు. పెళ్ళికి రెండు వైపులా ఎవరూ గొడవ చేయలేదు. అలాగని ఎవరూ గెంతులూ వేయలేదు. అత్తగారింటికి వెళ్ళినప్పుడల్లా నాకు కుర్చీ వేసేవారు, ఫ్యాను నా వైపు తిప్పేవారు, "తిన్నవా బిడ్డా" అని తిన్నాక కూడా అడిగేవారు. చూశారా, ఎంత మర్యాదో! జనాభా లెక్కలకు వచ్చిన టీచరమ్మకు కూడా అంత మర్యాద దొరకదు. నాకేమో ఆ కుర్చీలో కూర్చున్నంతసేపూ బస్టాండులో కూర్చున్నట్టే ఉండేది.

ఇక నా పిచ్చి సంగతి. కొందరికి పాటలు వినే పిచ్చి ఉంటుంది. నాకు పాటలు వినిపించే డబ్బాలు చేసే పిచ్చి. మా జనగామ ఇంట్లో బియ్యం డబ్బా మీద ఒక స్పీకరు, ఫ్రిజ్ మీద ఒక ఆంప్లిఫయరు, మంచం కింద వైర్లు. ప్రసాదు చీకట్లో మంచం దిగేటప్పుడు కాలు ఎక్కడ పెట్టాలో ముందు నన్ను అడిగేవాడు.

ఒక ఆదివారం రేగొండలో మా అత్తమ్మతో చర్చికి వెళ్ళాను. ఆమె పేరు కరుణమ్మ. చర్చి కొత్తగా పెంచి కట్టారు, పైన రేకులు. గోడకు పాతకాలపు గొట్టం మైకు ఒకటి. పాస్టర్‌గారిని అందరూ అయ్యగారు అంటారు. నోరారా నవ్వే పెద్దమనిషి. ఆయన ఒక మాట అంటే గొట్టం దాన్ని రేకులకేసి కొట్టేది, రేకులు గోడలకు, గోడలు మళ్ళీ గొట్టానికి అప్పజెప్పేవి. తేనెటీగల తుట్టెకు ఎవరో ప్రసంగం నేర్పించినట్టుండేది. మా అత్తమ్మ మాత్రం ముందు వరసలో కూర్చుని ప్రతి వాక్యానికీ గట్టిగా "ఆమెన్" అంటోంది.

ఇంటికి వస్తూ దారిలో అడిగాను.

"అత్తమ్మా, అయ్యగారు ఇయ్యాల ఏం చెప్పిండ్రు?"

"మంచిగ చెప్పిండు బిడ్డా."

"అవును గని, ఏం చెప్పిండ్రు?"

ఆమె కొంగు సర్దుకుని నవ్వింది. "ఏమో మరి. రేకులు ఏసినకాడికెల్లి నాకు గుయ్యిగుయ్యిమనుడే గని మాట సమజ్ గాదు. పక్కోళ్లు ఆమెన్ అంటే నేను గూడ అంట."

నేను నవ్వబోయాను. అంతలో ఆమె మెల్లగా అంది. "మీ మామ ఉన్నప్పుడు ఇంటికొచ్చినంక అంత మల్ల చెప్తుండె, అన్నం తినుకుంట. ఇప్పుడు చెప్పెటోళ్లు లేరు గద."

ఆ మాటకు నా గుండెలో ఏదో కదిలింది. గుండె కదిలినప్పుడు మనిషి నోరు మూసుకోవాలి. నేను తెరిచాను.

"నేను చేస్తా అత్తమ్మా! డబ్బాలు చేస్తా. సూది కింద వడ్డా ఇనవడేటట్టు చేస్తా!"

మా తోటికోడలు సువార్తక్క వెనకే వస్తోంది. ఆమె మంచిది, కానీ మరీ తెలివైంది. "ఎందుకమ్మా గంత తిప్పలు? హన్మకొండ పోతే తయారున్నయే దొరుకుతయి గద?"

"తయారున్నయి ఎవరికన్న పనికొస్తయక్కా. మన చర్చికి మన కొలతలతోటి కావాలె. నాయి మామూలు డబ్బాలు గావు. డిజిటల్ క్రాసోవరు వెడ్త. యాక్టివ్ స్పీకర్లు!"

"అంటె ఏందే?"

"ఇప్పుడు చెప్పినా నీకు సమజ్ గాదక్కా" అన్నాను. మీరు నన్ను ఇక్కడే చెంపదెబ్బ కొట్టి ఉంటే కథ ఇంతటితో ముగిసేది. కొట్టలేదు కనక వినండి.

సువార్తక్కకు చెప్పనిది మీకు చెబుతాను. మంచి డబ్బాలో రెండు స్పీకర్లుంటాయి. పెద్దది పళ్ళెమంత, అది డప్పు మోత, గొంతులోని బరువు, ఇలాంటివి పలుకుతుంది. చిన్నది రూపాయి బిళ్ళంత, దాన్ని ట్వీటరు అంటారు. గజ్జెల చప్పుడు, మాటలోని స, శ లాంటి సన్నటి అక్షరాలు దాని వాటా. ఏ చప్పుడు ఎవరికి పోవాలో విడదీసే జల్లెడ ఒకటి కావాలి, అదే క్రాసోవరు. మామూలు డబ్బాల్లో ఆ పని తీగచుట్టలు చేస్తాయి. నా డబ్బాలో అరచేతిలో పట్టే ఒక చిన్న బోర్డు చేస్తుంది. దాన్ని కంప్యూటర్‌కు తగిలించి, ఏ స్వరం దాకా పెద్దదానికి, ఎక్కడినుంచి చిన్నదానికి అని గడుల్లో అంకెలు వేస్తే చాలు. ఆ తర్వాత ఒక్కో స్పీకరుకు దాని సొంత ఆంప్లిఫయరు. అన్నదమ్ములకు వేరుకాపురం పెట్టి, ఎవరి పొయ్యి వాళ్ళకిచ్చినట్టు. ఇంతే. ఇది సువార్తక్కకు రెండు నిమిషాల్లో సమజ్ అయ్యేది. నా పొగరుకే సమజ్ కాలేదు.

పెట్టెలు మా బాపును చేయమన్నాను. నేను పంపిన బొమ్మ చూసి ఫోన్ చేశాడు.

"బిడ్డా, ఒక్క పెట్టెకు రెండు బొక్కలేందే?"

"రెండు నోర్లు బాపూ. ఒకటి లావు మాటలకు, ఒకటి సన్న మాటలకు."

"మీ అమ్మకు ఒక్క నోటితోనే రెండూ అయితయి గదనే!" అన్నాడు. వెనకనుంచి అమ్మ ఏదో అంది. రెండు రకాలుగానూ వినిపించింది.

పెట్టెలు మాత్రం మా బాపు ప్రేమంతా పోసి చేశాడు. అంత దళసరి ప్లైవుడ్‌తో ఆయన ఇంటి తలుపులు కూడా చేసుకోలేదు. ఎవరి కోసమని అడిగితే చర్చికని చెప్పాను. "దేవుని పని గద, మూలలు గట్టిగ వెడ్త" అన్నాడు. మహబూబాబాద్‌లో రైలెక్కించి జనగామ దాకా తానే తెచ్చి ఇచ్చాడు.

బోర్డు బిగించాను, స్పీకర్లు కూర్చాను, బెడ్‌షీట్లలో చుట్టాను. శనివారం ప్రసాదూ నేనూ రెండు పెట్టెలతో బస్సెక్కాం. కండక్టరు వచ్చి నా ఆధార్ కార్డు చూసి ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్ ఇచ్చాడు. పెట్టెల్ని ఎగాదిగా చూశాడు.

"నీకు ఫ్రీ. మరి గీ ఇద్దరెవరు? ఆడోళ్లా, మొగోళ్లా?"

"స్పీకర్లన్నా."

"గొంతెట్లుంటది?"

"మస్తు గంభీరంగ ఉంటది!" అన్నాను గర్వంగా.

"అయితె మొగోళ్లే. టికెట్ తీసుకో" అన్నాడు. ప్రసాదు నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

రేగొండ చేరి చర్చిలో పెట్టెల్ని రేకులకేసి కాకుండా జనం చెవులకేసి తిప్పి నిలబెట్టి, ల్యాప్‌టాప్ తెరిచాను. ఇక్కడే ఆ అంకె వస్తుంది, జాగ్రత్తగా వినండి. పెద్ద స్పీకరు గిన్నెలా లోపలికి గుంట పడి ఉంటుంది, ట్వీటరు ముందుకే ఉంటుంది. అంటే సన్న చప్పుడు మూడు వేళ్ళ వెడల్పు ముందు బయలుదేరుతుంది. రెండూ కలిసి చెవికి చేరాలంటే ట్వీటర్ని రవ్వంత ఆపి పంపాలి. ఎంతసేపు? నేను జనగామలో ఒక ప్రోగ్రాములో లెక్క కట్టి పెట్టుకున్నాను. నూట యాభై. సెకనును పది లక్షల ముక్కలు చేస్తే అందులో నూట యాభై ముక్కలు. బోర్డు తాలూకు ప్రోగ్రాములో 'ఆలస్యం' అనే గడి కనిపించింది. నూట యాభై వేశాను. గడి పక్కన చీమ తలకాయంత అక్షరాలేవో ఉన్నాయి. చీమల్ని ఎవరు చదువుతారు చెప్పండి?

తర్వాత పరీక్ష. డబ్బాల్లోంచి "ష్‌ష్‌ష్" అని ఒకే తీరుగా వచ్చే చప్పుడొకటి వదిలి, ఫోన్లో గీత ఎలా వస్తుందో చూస్తారు. గీత చదునుగా ఉంటే డబ్బా మంచిదని లెక్క. అప్పుడే అత్తమ్మ నాకు చాయ్ తీసుకుని వచ్చింది.

"ఏం పోపు వెడ్తున్నవ్ బిడ్డా? గంతసేపాయె, మాడిపోతది గద."

"పోపు కాదత్తమ్మా, పరీక్ష. సూడు, గీత ఎట్లున్నదో! పొలం గట్టు లెక్క తిన్నగుంది!"

ఆమె ఫోన్ చూసింది, డబ్బాను చూసింది, నన్ను చూసింది. "గీత మంచిగనే ఉన్నది. ఒక పాట వెట్టి చూడరాదు?"

"పాటలతోటి చూసుడు పాత పద్ధతత్తమ్మా" అన్నాను.

ఈ వాక్యం మీద ఒక క్షణం మౌనం పాటిద్దాం.

అసలు సంగతేమిటంటే, ఆ "ష్‌ష్" చప్పుడు ముందూ వెనకా అంతా ఒకే తీరు. దాంట్లో సగం ఆలస్యంగా వచ్చినా గీతకు తెలియదు, ఫోనుకూ తెలియదు. చెవికి తెలుస్తుంది, కానీ మాట వినిపిస్తేనే. నేను మాట వినలేదు, గీత చూశాను. చూసి మురిసిపోయి, కరెంటు పోయిందన్న సాకు దొరగ్గానే ఇంటికి పోయి కోడి కూర తిన్నాను.

ఆదివారం చర్చి నిండిపోయింది. కరుణమ్మ కోడలు డబ్బాలు చేసిందట అని పక్క వాడలవాళ్ళు కూడా వచ్చారు. నేను ఒక పక్కన ల్యాప్‌టాప్ ముందు విమానం నడిపేదానిలా కూర్చున్నాను. అత్తమ్మ కొత్త చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుని, అటూ ఇటూ చూస్తూ, "మా చిన్నకోడలే" అని అడగనివాళ్ళకు కూడా చెబుతోంది. అయ్యగారు మైకు ముందుకు వచ్చి గొంతు సవరించుకున్నారు.

"సోదరీ సోదరులారా!"

డబ్బాలు పలికాయి. ముందుగా కుండలో తల పెట్టి మాట్లాడినట్టు, బొంగురుగా: "ఓదరీ ఓదరులారా!" దాని వెనకే, మాటకు ఒక అడుగు ఆలస్యంగా, సన్నగా, చల్లగా: "స్స్... స్స్..."

అయ్యగారు ఆగారు. వెనక్కి చూశారు. ఎవరూ లేరు.

"ఎవరయ్యా నా ఎనుకాల గునుగుతున్నది?"

లావు గొంతు ఒకసారి అంది. సన్న గొంతు దాని మీద పడుతూ లేస్తూ గుసగుసగా అదే అంది, ఆయన నోరు మూశాక కూడా ఒక ముక్క మిగిల్చుకుని అంది. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను ల్యాప్‌టాప్ తెర వెనక తల దాచుకున్నాను. పెద్దమనిషి కదా, అయ్యగారు సర్దుకుని ప్రసంగం మొదలుపెట్టారు. ఆ రోజు విషయం ఏదైనా కావచ్చు కదా? మేక గురించి కావచ్చు, మామిడికాయ గురించి కావచ్చు. కాదు. నా జాతకానికి ఆ రోజు విషయం సహనం.

"మనిషికి కావాల్సింది సహనం! శాంతం! సంతోషం! సమాధానం!"

"స్స్! శ్శ్! స్స్! స్స్!" అంది డబ్బా, ఒక్కొక్కటీ ఆలస్యంగా, ఒక్కొక్కటీ బుసలా.

ముందు వరసలో ఒకామె రెండు కాళ్ళూ బెంచీ మీదికి లాక్కుంది. "ఓ యవ్వో, పామున్నదే!"

"ఏడ? ఏడ?"

"గా డబ్బలనే! బుస కొడ్తున్నది!"

మీకు తెలుసు కదా, 'పాము' అన్న మాటకు మాత్రం ఏ మైకూ అక్కర్లేదు. ఒక్క క్షణంలో చివరి వరస దాకా చేరింది. బెంచీలు కిర్రుమన్నాయి. పిల్లలు ఏడిచారు. నేను మొదట్లో చెప్పిన పరుగు అప్పుడే మొదలైంది. అయ్యగారు చేతులెత్తి, మైకు వదలకుండా, "శాంతించండి! శాంతించండి! సావధానంగా!" అని అరిచారు. పాపం, మంచికే అన్నారు. ఆయన శాంతించమన్న కొద్దీ డబ్బా బుసలు రెట్టింపయ్యాయి.

"ఇగో, మల్ల! ఒకటి కాదు, రెండున్నయి! రెండు డబ్బలల్ల రెండు!"

"అయ్యగారూ, మీరు జర నోరు మూసుకోండ్రి!" అని అరిచాను. అవును, నేనే. అత్తగారి ఊళ్ళో, అత్తగారి చర్చిలో, పాస్టర్‌గారిని, అందరి ముందూ. దిద్దుకోవడానికి టైము లేదు, ఎందుకంటే కొమురయ్య కాక కర్ర పట్టుకుని వస్తున్నాడు. కొమురయ్య కాక పెద్ద రైతు, తన పత్తి చేలో ఎన్ని పాముల్ని కొట్టాడో తనే చెబుతుంటాడు. నేను ఎగిరి వెళ్ళి డబ్బాకు అడ్డంగా నిలబడ్డాను.

"కాకా, కొట్టకు! అది పాము కాదు!"

"మరేందది?"

"ట్వీటరు!"

కాక కర్ర దించలేదు. కళ్ళు చిన్నవి చేసి ఆలోచించాడు. "ఏ జాతది? ఇసముంటదా?"

"ఇసముండదు కాకా!"

"ఇసం లేకుంటె గంత గనం ఎందుకు బుసకొడ్తదే? జరుగు, నువ్వు పట్నపు పిల్లవు, నీకెరుక లేదు!"

జనగామను పట్నం అన్నందుకు సంతోషించే తీరిక లేకపోయింది. నన్ను ఒక చేత్తో పక్కకు జరిపి, డబ్బా నెత్తిన ఒక్కటిచ్చాడు. ఫట్టుమంది. మా బాపు గట్టిగా పెట్టిన మూల చెక్కుచెదరలేదు. కర్ర రెండు ముక్కలైంది. కాక చేతిలో మిగిలిన ముక్కను చూసుకుని, "మస్తు బలమున్నది దీనికి" అని రెండడుగులు వెనక్కి వేశాడు.

ఈలోగా ప్రసాదు ప్లగ్గు పీకేద్దామని పరుగెత్తి ఫ్యాన్ల ప్లగ్గు పీకాడు. మళ్ళీ పరుగెత్తి లైట్లది పీకాడు. మూడోసారి డబ్బాలది దొరికింది. అప్పుడు చర్చి అంతా నిశ్శబ్దం. కిటికీలోంచి ఒక కాలు లోపలా ఒక కాలు బయటా పెట్టిన ఒకాయన మాత్రం, "నేనటా, ఇటా?" అని అడిగాడు.

పాము లేదని నమ్మించడానికి డబ్బా వెనక చెక్క ఊడదీసి చూపించాను. ఒక్కొక్కరూ వంగి చూశారు. కొమురయ్య కాక రెండుసార్లు చూశాడు. జనం మెల్లగా లోపలికి వచ్చి కూర్చున్నారు కానీ, కాళ్ళు ఎవరూ కింద పెట్టలేదు. సువార్తక్క లేచి మృదువుగానే అంది. "పాత మైకు ఇంక గోడకే ఉన్నది. గది వెట్టుకుందం. పాపం, పిల్ల తిప్పలువడ్డది, ఏమనకుండ్రి."

తిడితే బాగుండేది. ఆ 'పాపం' అన్న మాట వినగానే నాకు నేలలోకి పోవాలనిపించింది. సంఘ పెద్దలు తలలాడించారు. నేను నోరు మూసుకోమన్నాను కనక అయ్యగారు నోరు మూసుకునే ఉన్నారు. నేను వైర్లు చుట్టడం మొదలుపెట్టాను. ఇక ఈ ఊళ్ళో నాకు జీవితాంతం కుర్చీ, ఫ్యానే గతి అనుకున్నాను.

అప్పుడు అత్తమ్మ లేచింది.

"జర ఆగుండ్రి. పిల్ల జనగామకెల్లి మోసుకొచ్చింది. ఏడ తప్పువోయిందో చూసుకోనియ్యరా?"

"ఎంతసేపు చూస్తది కరుణక్కా? జనం కూసున్నరు గద."

"కూసున్నోళ్లకు నోళ్లున్నయి గద, పాడుదం! పాము లేదాయె, ఇంకేం భయం?" అని, నావైపు తిరిగి, "కానియ్యి బిడ్డా. పరేషాన్ గాకు" అంది.

ఆమె మైకు ముందు నిలబడి చప్పట్లు కొడుతూ పాట ఎత్తుకుంది. మైకు ముందు కావాలని నిలబడలేదు, అక్కడే ఖాళీ ఉందని నిలబడింది. జనం కలిశారు. ప్రసాదు ప్లగ్గు మళ్ళీ పెట్టాడు. మొదటిసారే సరైంది దొరికింది. నేను శబ్దం బాగా తగ్గించి డబ్బాకు చెవి ఆనించాను. జీవితంలో మొదటిసారి, ఫోన్ చూడకుండా విన్నాను.

అత్తమ్మ చప్పట్లు వినిపించాయి. ఆమె ఒక్క చప్పట కొడితే డబ్బాలో రెండు. ముందు "దబ్", తర్వాత "టిక్". దబ్, టిక్. దబ్, టిక్. పెద్దది ముందు వస్తోంది, చిన్నది వెనక పడుతోంది. రవ్వంత కాదు, చాలా!

ల్యాప్‌టాప్ వైపు దూకాను. 'ఆలస్యం' గడి. నూట యాభై. దాని పక్కన చీమ తలకాయంత అక్షరాలు. ఈసారి తెర మీద ముక్కు ఆనించి చదివాను. ఈ ప్రోగ్రాము సెకనును పది లక్షల ముక్కలు చేయదు. వెయ్యి ముక్కలే చేస్తుంది. అంటే నేను వేయాల్సినదానికి వెయ్యి రెట్లు వేశాను. మూడు వేళ్ళ దూరం వెయ్యి రెట్లయింది. నా ట్వీటరు చర్చి గోడ దాటి, రోడ్డు దాటి, అవతల పత్తి చేలో నిలబడి అక్కడినుంచి 'స' అని పలుకుతున్నట్టయింది. కొమురయ్య కాక చేలోనే అనుకుంటాను.

అంకె దిద్దాను. నూట యాభై బదులు సున్నా, చుక్క, పదిహేను. మీట నొక్కి శబ్దం పెంచాను.

పాట మధ్యలో ఉంది. బొంగురు గొంతూ సన్న గొంతూ గబుక్కున ఒకటై, ఒక మనిషి గొంతు హాల్లోకి వచ్చి నిలబడింది. కొంచెం జీరతో, కొంచెం వణుకుతో, ప్రతి అక్షరం విడివిడిగా. రేకులు నోరెత్తలేదు. అత్తమ్మ పాట ఆపేసింది. పక్కకు చూసింది, వెనక్కి చూసింది.

"ఎవరే పాడేది?" అంది. ఆ మాట కూడా స్పష్టంగా చివరి వరస దాకా వెళ్ళింది.

"నువ్వే అత్తమ్మా!"

"నేనా? నా గొంతు గిట్లుంటదా?" అని చేయి నోటికి అడ్డం పెట్టుకుంది. జనం నవ్వారు. ఈసారి నవ్వు నా మీద కాదు. ఒక్కొక్కరే కాళ్ళు కింద పెట్టారు. కొమురయ్య కాక కర్ర ముక్క బెంచీ కిందికి తోసేశాడు.

అయ్యగారు నావైపు చూసి, "ఇగ మాట్లాడొచ్చా అమ్మా?" అని అడిగారు. సిగ్గుతో తల ఊపాను. "సహనం" అన్నారాయన. 'స' సరిగ్గా 'హ' కంటే ముందే వచ్చింది. అంత అందమైన 'స' నేను నా జన్మలో వినలేదు.

ఆయన ప్రసంగం పొడుగునా నేను అత్తమ్మనే చూస్తూ కూర్చున్నాను. ఆమె కళ్ళు ఆయన మొహం మీంచి కదల్లేదు. మధ్యలో ఆయన బావిలో పడ్డ మేక కథ చెప్పారు. ఆ మేక ఎలా అరిచింది, కాపరి ఎంత సహనంగా తాడు వదిలాడు, అంతా చెప్పారు. జనం ఆమెన్ అన్నారు. అత్తమ్మ వాళ్ళతోపాటు అనలేదు. ఒక్క క్షణం ఆగి, విన్నది సరిచూసుకుని, అప్పుడు అంది. ఆ ఒక్క ఆలస్యం మాత్రం నాకు చాలా నచ్చింది.

ప్రార్థన అయ్యాక గుమ్మం దగ్గర సువార్తక్క నా చేయి పట్టుకుంది. "అవునే, ఆ కాసోరు అంటే ఏందో ఇప్పుడన్న చెప్పరాదు?" చెప్పాను, జల్లెడా వేరుకాపురమూ అన్నీ. నేననుకున్నట్టే రెండు నిమిషాల్లో సమజ్ అయింది. "గంతేనా? నువ్వు చెప్పినప్పుడు ఏందో అనుకున్న" అంది. అక్కడికి నాకు పడాల్సింది పడింది.

అత్తమ్మ అయ్యగారి దగ్గరికి వెళ్ళింది. నేను పక్కనే ఉన్నాను.

"అయ్యగారూ, ఇయ్యాల ఒక్క మాట వోకుండ ఇనవడ్డది."

"దేవునికి స్తోత్రం కరుణమ్మా! చాన సంతోషం!"

"సంతోషమే గని అయ్యగారూ..." ఆమె గొంతు తగ్గించింది. "గా మేక ముచ్చట మా ఆయన బతికున్నప్పుడు, ఇంటికొచ్చి నాకు మస్తుసార్లు చెప్పిండు. ఏండ్లాయె. అది ఇంక బాయిలనే ఉన్నదా?"

అయ్యగారి నవ్వు అలాగే ఉండిపోయింది. వెనక నిలబడ్డ ఒకామె, "నాగ్గూడ ఇప్పుడే గుర్తుకొచ్చె, పోయిన యేడు గూడ గదే మేక" అంది. ఇంకొకాయన, "గది మేకనా? నేను ఇన్ని దినాలు కేక అనుకున్న" అన్నాడు. అత్తమ్మ మాత్రం చెంగుతో కళ్ళు ఒత్తుకుంటూ నవ్వుతోంది. "మీ మామ చెప్పిందానికి అయ్యగారు చెప్పిందానికి ఒక్క ముక్క తేడా లేదు. మంచిగ ఇని మంచిగ చెప్పిండన్నట్టు" అంది నాతో. ఆ మాట అంటున్నప్పుడు నా భుజం మీద చేయి వేసింది. ఇంటిదాకా తీయలేదు.

ఇప్పుడు ఆ డబ్బాలు అక్కడే ఉన్నాయి. బాపు ఇంకో జత పెట్టెలు చేస్తున్నాడు. నెల్లికుదురు భజన మండలివాళ్ళు చర్చి డబ్బాల సంగతి విని తమకూ కావాలన్నారు. వాళ్ళకు పాము సంగతి ఇంకా తెలియదు, మీరూ చెప్పకండి.

అయితే ఆ ఆదివారం చివర్లో జరిగింది ఒకటి మిగిలిపోయింది. అందరూ వెళ్ళిపోయాక నేను వైర్లు సర్దుతుంటే అయ్యగారు మెల్లగా వచ్చారు. అటూ ఇటూ చూశారు. మైకు ఆపి ఉందో లేదో తన చేత్తో తనే చూసుకున్నారు. నా దగ్గరికి వంగి, చిన్న గొంతుతో అడిగారు.

"బిడ్డా, పొద్దుగాల వెట్టినవ్ సూడు, ఆ ఆలస్యం... నేను కొత్త ముచ్చట తయారు చేసుకునేదాక, జరంత మల్ల వెట్టరాదు?"

కనుక ఇందుమూలంగా, వైర్లు అతికే నా సోల్డరింగ్ ఐరన్ సాక్షిగా, కొమురయ్య కాక విరిగిన కర్ర సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఏ గడిలో ఏ అంకె వేసినా పక్కనున్న చీమల్ని పేరుపేరునా పలకరించి గానీ మీట నొక్కను. గీత ఎంత తిన్నగా ఉన్నా సరే, ఒక పాట పెట్టి విననిదే కోడి కూర ముట్టను. ఇక ఆ ఆలస్యం మళ్ళీ పెట్టేది లేదు, అయ్యగారు ఎంత బతిమాలినా సరే. ఆ మేకను ఆయన సొంతంగా బయటికి తీయాల్సిందే.